ఇరవై మూడో వరుసలో నాలుగు నిమిషాలు

ఊరు చూడటానికి వెళ్లినవాడు ఊరివైపు చూడకూడదు. ఎక్సెల్ షీట్ వైపు చూడాలి! ఈ మాటకు నవ్వేవాళ్లు నవ్వుకోండి. నవ్విన నాపచేనే పండుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

అమెరికాలో మన నేపర్‌విల్ నుంచి ఎక్సెల్ లేకుండా విహారయాత్రకు వెళ్లిన కుటుంబాల గతి ఏమైందో మీకు తెలియనిది కాదు. ఎక్కడ పడితే అక్కడ ఆగిపోయారు. నచ్చిన చోట కూర్చుండిపోయారు. ఒకాయనైతే పారిస్‌లో ఏదో వంతెన మీద నిలబడి గంటసేపు నీళ్లు చూశాడట! ఆఫీసుకి సెలవు పెట్టి, తొమ్మిది గంటలు విమానంలో కూర్చుని వెళ్లి, నీళ్లు చూడటమా? లేక్ మిషిగన్‌లో నీళ్లు లేవా? ఇలాంటి ఘోరాల నుంచి మనల్ని కాపాడటానికే భగవంతుడు ఎక్సెల్‌ని సృష్టించాడు. దాన్ని నింపడానికి రాధాకృష్ణని సృష్టించాడు.

రాధాకృష్ణని ఎరగనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆయన ఇన్సూరెన్స్ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్. ఇంటికొచ్చాక కూడా ప్రాజెక్ట్ మేనేజరే. కూతురు అవని పుట్టినరోజున కేక్ కోయడానికి సైతం స్టార్ట్ టైమ్, ఎండ్ టైమ్ ఉంటాయి. మనిషి మాత్రం బంగారం. ఎవరిని ఎయిర్‌పోర్ట్‌లో దింపాలన్నా ఆయనే ముందుంటాడు. విమానం కంటే అయిదు గంటలు ముందుంటాడు.

ఆయన భార్య రేణు. ఆస్పత్రిలో అల్ట్రాసౌండ్ టెక్నీషియన్. రోజంతా జనం కడుపులోపలి బొమ్మలు చూడటమే ఆమె ఉద్యోగం. ఒక్కో బొమ్మ దగ్గర ఆగడం, కళ్లు చికిలించడం, అనుమానం తీరక మళ్లీ చూడటం ఆమెకు అలవాటైపోయింది. అలా ఆగి చూసే అలవాటున్న మనిషిని టూర్‌కి తీసుకెళ్లడం ఎంత ప్రమాదమో మీరే చూస్తారు.

ఇది చాలదన్నట్టు ఆమెకు ఇంకో వ్యసనం కూడా ఉంది. మూడేళ్లుగా ప్రతి ఆదివారం సాయంత్రం లైబ్రరీలో వాటర్ కలర్ క్లాసుకి వెళ్తోంది. చెట్లు బాగా వేస్తుంది. ముఖాలు ఫరవాలేదు. చేతులు మాత్రం చస్తే రావు. ఎవరి చెయ్యి వేసినా వేళ్లు బెండకాయల్లా తయారవుతాయి. క్లాసు చెప్పే డోరతీ అనే డెబ్బై అయిదేళ్ల పెద్దావిడ ఆ బెండకాయల్ని చూసి చూసి, ఒకరోజు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి సలహా ఇచ్చింది. ఫ్లోరెన్స్‌లో సన్యాసులు ఉండిన పాత మఠం ఒకటుందట. ఇప్పుడది మ్యూజియం. మెట్లు ఎక్కగానే ఎదురుగా గోడ మీద ఒక బొమ్మ. నీకు బిడ్డ పుడతాడని మరియమ్మకు చెప్పడానికి దేవదూత వస్తాడు. ఇద్దరూ చేతులు గుండెల మీద పెట్టుకుని ఉంటారు. ఆ చేతుల ముందు ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడు, చేతులంటే ఏమిటో నీకే తెలుస్తుంది అంది.

రేణుకి ఆ మాట పట్టుకుంది. ఇటలీ వెళ్తున్నారని తెలిసిన రోజు నుంచి ఆమెకు కావలసింది ఒక్కటే. హ్యాండ్‌బ్యాగ్ వద్దు, పిజ్జా వద్దు, పడవ ఎక్కడం వద్దు. ఆ బొమ్మ ముందు ఇరవై నిమిషాలు. ఇరవై ఏళ్ల కాపురంలో ఏడాదికో నిమిషం లెక్కేసుకున్నా పెద్ద కోరిక కాదు కదా?

కాదని మీరూ నేనూ అనుకుంటాం. అందుకే మనం ప్రాజెక్ట్ మేనేజర్లం కాలేదు.

ఏప్రిల్‌లో రాధాకృష్ణ గారి బేస్‌మెంట్‌లో ప్లానింగ్ మీటింగ్ జరిగింది. వెళ్లేది మూడు కుటుంబాలు. రాధాకృష్ణ వాళ్లు ముగ్గురు, హర్షవర్ధన్, సాయి ప్రియ, వాళ్ల ఇద్దరు పిల్లలు, పక్కవీధి నిధి వాళ్లు నలుగురు. మొత్తం పదకొండు మంది. బిర్యానీ ట్రేలు ఒక పక్క, ప్రొజెక్టర్ ఒక పక్క. ఇటలీకి ఏడు రోజులు. అందులో ఫ్లోరెన్స్‌కి ఒక్క రోజు, నలభై రెండు వరుసలు. ప్రతి వరుసకీ చివర తెల్లగా ఒక గడి. ఆ చోటికి వెళ్లి, ఫోటో దిగి, వాట్సాప్ గ్రూప్‌లో పెట్టగానే గడి పచ్చబడుతుంది. పచ్చబడితే చూసినట్టు. లేకపోతే మీరు అక్కడ కాపురం పెట్టినా చూడనట్టే!

ఇరవై మూడో వరుస తెర మీదికి వచ్చింది. ‘మఠం. బొమ్మ: 4 నిమిషాలు. రెస్ట్‌రూమ్: 6 నిమిషాలు.’

అడగందే అమ్మైనా పెట్టదు కదా అని రేణు లేచి నిలబడింది. “ఏవండీ, ఆ నాలుగుని ఇరవై చేయండి.”

బేస్‌మెంట్‌లో తలలన్నీ బిర్యానీ ప్లేట్ల మీంచి లేచాయి.

“ఇరవైయా? ఇరవై నిమిషాల్ల రెండు చర్చిలు కవర్ అయితయి గద వదినా!” అన్నాడు హర్షవర్ధన్. ఆయనది కరీంనగర్. ఏ దేశం వెళ్లినా కవర్ చేయడమే ఆయన లక్ష్యం.

“అక్కా, ఆ బొమ్మ గూగుల్‌లో హై రిజల్యూషన్‌లో ఉంది. నేను చూశాను. జూమ్ కూడా అవుతుంది,” అంది సాయి ప్రియ, సాయం చేస్తున్నాననుకుని.

రాధాకృష్ణ మాత్రం తొణకలేదు. “చేంజ్ రిక్వెస్ట్ పెట్టు రేణూ, చూద్దాం.”

రేణు నిజంగానే ఫారం నింపింది. ‘మార్పుకు కారణం’ అన్న చోట ‘చేతులు’ అని రాసింది. రెండో రోజుకల్లా జవాబు వచ్చింది. రిజెక్టెడ్. షెడ్యూల్ మీద హై ఇంపాక్ట్.

చూశారా న్యాయం! సొంత భార్య అని కూడా చూడకుండా ఊళ్లో అందరికీ ఇచ్చే ఫారమే ఇచ్చాడు. అందరికీ ఇచ్చే జవాబే ఇచ్చాడు. ఇంతకంటే నిష్పక్షపాతం ఇంకెక్కడుంది? ఆ వారమంతా రేణు ఆయనకు కాఫీలో చక్కెర వేయలేదు. అది కూడా ఆయన గమనించలేదు. షుగర్ టెస్ట్ రిపోర్ట్ బాగా వచ్చిందని సంతోషించాడు.

ఇక చొక్కాల సంగతి. విదేశంలో మనుషులు తప్పిపోకుండా ఉండాలంటే ఏం చేయాలి? ముఖాలు గుర్తుపెట్టుకోవాలా? పదకొండు ముఖాలు ఎవరు గుర్తుపెట్టుకుంటారండీ! వేరే రాష్ట్రంలో, ఆష్‌బర్న్ అనే ఊళ్లో ఒక తెలుగాయన తన గరాజ్‌లో టీ షర్టులు ప్రింట్ చేస్తాడు. డజను తీసుకుంటే డిజైన్ ఫ్రీ. మంటలాంటి ఆరెంజ్ రంగు, వీపు మీద పెద్ద అక్షరాలతో ‘టీమ్ తెలుగు, ఇటలీ’. రాధాకృష్ణ డజను తెప్పించాడు. ప్రతి మజిలీలో ఆరెంజ్ లెక్కపెట్టడం, పదకొండు వస్తే బయల్దేరడం. మనుషులు మోసం చేస్తారు గానీ చొక్కాలు చేయవని ఆయన సిద్ధాంతం.

జులై వచ్చింది. రోమ్ నుంచి పొద్దున్నే రైలు దిగి ఫ్లోరెన్స్‌లో అడుగుపెట్టారు.

పెద్ద చర్చి ముందు తొమ్మిది నిమిషాలు. తెలుపు, ఆకుపచ్చ, గులాబీ రంగుల పాలరాళ్లతో ఆకాశమంత కట్టడం. అక్కడ ఉన్నంతసేపూ పదకొండు మందీ దానికి వీపు చూపించి నిలబడ్డారు. మరి ఫోటోలో పడాలంటే అంతే కదా! ఇన్ని వందల ఏళ్లు ఎండకు ఎండి, వానకు తడిసి ఆ చర్చి చూసిందేమిటయ్యా అంటే ‘టీమ్ తెలుగు, ఇటలీ’.

తర్వాత ఒక కూడలిలో విగ్రహాలు. హర్షవర్ధన్ ఒకదాన్ని వేలితో తట్టబోయి, గార్డు చూపు చూసి ఆగాడు. “మార్బులేనా అన్నా?” “మార్బులే.” “ఓకే, నెక్స్ట్.” కళావిమర్శ అంటే ఇంత క్లుప్తంగా ఉండాలి! పుస్తకాలకు పుస్తకాలు రాసేవాళ్లు నేర్చుకోవాలి.

పంతొమ్మిదో వరుసలో జెలాటో, అంటే ఇటలీవాళ్ల ఐస్‌క్రీమ్. నాకడంతో కలిపి ఏడు నిమిషాలు. “నాన్నా, ఇట్స్ టూ కోల్డ్, నాకు తల పెయిన్ వస్తోంది,” అంది అవని నుదురు పట్టుకుని.

“నడుస్తుంటే తగ్గిపోతుందమ్మా. మూవ్!” అన్నాడు రాధాకృష్ణ, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

ఇంతసేపూ రేణు పరీక్ష హాల్లోకి వెళ్లే పిల్లలా చేతిసంచి గుండెలకు హత్తుకుని నడిచింది. ఆమె మనసంతా ఇరవై మూడో వరుసలోనే ఉంది.

పదకొండుంపావుకి మఠం చేరారు. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. అప్పటికే కొందరు జనం ఉన్నారు. ఆ జనంలో ఏం విశేషమో చూసేందుకు మన షీట్‌లో గడి లేదు. అందుకని ఎవరూ చూడలేదు. బిలబిలమంటూ మెట్లెక్కారు.

ఎదురుగా బొమ్మ.

“క్విక్, క్విక్, అందరూ ఇటు తిరగండి!” అంది సాయి ప్రియ. పదిమంది ఇటు తిరిగారు. రేణు తిరగలేదు. క్లిక్కుమంది. గడి పచ్చబడింది. నాలుగో నిమిషానికి రాధాకృష్ణ చప్పట్లు కొట్టాడు. “డన్! కిందికి పదండి. రెస్ట్‌రూమ్ సిక్స్ మినిట్స్!”

అందరూ దిగారు. రేణు అర నిమిషం అనుకుని ఆగింది. అర నిమిషం కాస్తా అయిదు నిమిషాలైంది. అయ్యో, దిగాలి అనుకుంటుండగానే కింది నుంచి భర్త గొంతు వినిపించింది. “...ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. పర్ఫెక్ట్! లెట్స్ గో!”

రేణు ఉలిక్కిపడింది. పదకొండా? నేను ఇక్కడుంటే అక్కడ పదకొండు ఎలా వచ్చాయి?

నాలుగు మెట్లు దిగి కిందికి తొంగి చూసింది. ద్వారం వైపు ఆరెంజ్ చొక్కాలు కదులుతున్నాయి. అన్నిటికంటే వెనక, తన ఈడు ఆవిడ ఒకరు మోకాళ్లు పట్టుకుని బెంచీ మీంచి లేచి, ఆ చొక్కాల వెంట నడుస్తోంది. ఆవిడ ఎవరో రేణుకి తెలియదు. ఆవిడ ఒంటి మీదా అదే మంటలాంటి ఆరెంజ్. వీపు మీద అవే అక్షరాలు. ఆష్‌బర్న్ ఆయన ఫ్రీ డిజైన్ ఒక్కటే చేసి అమెరికా అంతటా అమ్ముతున్నాడన్న సంగతి ఆ క్షణంలో రేణుకి అర్థమైంది.

ఒక్క కేక వేస్తే చాలు. “ఏవండీ!” అంటే ఆగిపోతారు. నోటిదాకా వచ్చింది కూడా.

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర ఇడ్లీలు తిన్న మనిషి! నా నడక తెలియదా? నా జడ తెలియదా? ఆవిడ నాకంటే జానెడు ఎత్తు తక్కువ! సరే, మీ లెక్క సరిపోయింది కదా. నా లెక్క నేను చూసుకుంటాను అనుకుంది. ఫోన్‌ని సంచి అడుక్కి తోసి, నాలుగు మెట్లూ తిరిగి ఎక్కింది.

పాఠకమహాశయులారా, ఇక్కడ రేణుని ఖండించాల్సిన బాధ్యత నా మీద ఉంది. ఖండిస్తున్నాను. గ్రూప్ డిసిప్లిన్ ఏమైపోవాలి?

మొదటి అయిదు నిమిషాలు ఆమెకు చేతులు కనిపించనే లేదు. రంగులు కనిపించాయి. దేవదూత రెక్కల మీద చారలు కనిపించాయి. పదో నిమిషంలో మరియమ్మ ముఖం చూసి, ఈవిడ నాకు తెలుసే అనుకుంది. ఎక్కడ చూశానబ్బా? తట్టింది. తన స్కానింగ్ గదిలో! ఎన్ని వందల మందో. తెర తమవైపు తిప్పి, “అదుగో, గుండె కొట్టుకుంటోంది, చూడండి” అని తను అనగానే వాళ్ల ముఖాలు అచ్చం ఇలాగే అవుతాయి. సంతోషం, భయం, నేనేనా అన్న అనుమానం. వాళ్ల చేతులు అప్పుడు ఏం చేస్తాయి? ఇన్నేళ్లూ తను తెర వైపే చూసింది గానీ వాళ్ల చేతుల వైపు ఎప్పుడూ చూడలేదు. ఇవిగో, ఇలా ఉంటాయి. దేన్నీ పట్టుకోవు. ఏం చేయాలో తెలియక వచ్చి గుండె మీద వాలతాయి.

రేణుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అల్లంత దూరంలో కుర్చీలో కూర్చున్న గార్డు ఆవిడ చూసి, తల ఊపి, మళ్లీ గోళ్లు చూసుకుంది.

ఇంతలో కింది నుంచి కొత్త గొంతు ఒకటి లెక్కపెట్టింది. “...ఏడు, ఎనిమిది, పైన ఒకటి, తొమ్మిది. ఓకే! వసంతా, మేం కింద కోర్ట్‌యార్డ్‌లో స్నాక్స్ తింటుంటాం, నిదానంగా రా!”

రేణు తిరగలేదు. పలకలేదు. వసంత ఎవరో గానీ ఆవిడ పుణ్యమా అని ఇంకో అరగంట దొరికింది!

ఆ అరగంటలో ఏం చూసిందో రేణు ఎవరికీ చెప్పలేదు. చివరికి మెట్ల మీద బూట్ల చప్పుడైంది. “ఏంటి వసంతా, ఒక్క బొమ్మకి ఇంతసేపా? కాలు నొప్పి, మెట్లు ఎక్కనన్నావు, ఇక్కడ మాత్రం నిలబడగలుగుతున్నావా?”

రేణు తిరిగింది. ఎదురుగా ఆరెంజ్ చొక్కాలో ఒక పెద్దమనిషి. ఒక చేతిలో ఫోన్, అందులో ఎక్సెల్ షీట్.

“నేను వసంతని కాదండీ.”

ఆయన ఫోన్ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. “మరి మా వసంత ఏదండీ?”

“మా ఆయన తీసుకెళ్లినట్టున్నారు.”

అంత మాట విన్నాక ఏ మనిషైనా కూర్చుంటాడు. ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన పేరు సత్యం. జార్జియా రాష్ట్రం, కమ్మింగ్ ఊరు. తొమ్మిది మంది గ్రూప్‌కి లీడర్. ఆయనది నలభై ఏడు వరుసల షీట్. రేణు నీళ్ల సీసా ఇచ్చి, జరిగింది చెప్పింది. “అయితే మీ ఆయన కూడా షర్టులే లెక్కపెడతారన్నమాట,” అన్నాడాయన, కొంచెం ధైర్యం తెచ్చుకుని.

అప్పుడే సంచి అడుగున ఫోన్ మోగింది.

అవతల జరిగిన కథ రేణు తర్వాత ఆ వసంత అనే వసంతలక్ష్మి నోటనే విన్నది. అందరూ నడుస్తున్నారు కాబట్టి ఆవిడా నడిచింది. ఆరెంజ్ చొక్కాల వెంట పొమ్మని ఆవిడకు వాళ్లాయన చెప్పాడు మరి! తోలు సంచుల బజారు చూసింది. పాత వంతెన మీద గ్రూప్ ఫోటోకి నిలబడింది. “రేణూ, కొంచెం దగ్గరికి జరుగు” అని రాధాకృష్ణ ఫోన్ చూస్తూనే అంటే, సరే ఆయనెవరో మర్యాదస్తుడు అనుకుని జరిగింది. ఆయన వెనక్కి తిరగకుండానే నీళ్ల సీసా అందిస్తే తాగి మూత పెట్టి ఇచ్చింది. వంతెన దగ్గరే ఆవిడకు అనుమానం వచ్చిందట. “వీళ్లు మావాళ్లు కాదని తెలిసిందమ్మా. కానీ ఎవరి బ్యాగులోంచో పులిహోర వాసన వచ్చింది. మా గ్రూప్‌లో లంచ్‌కి బ్రెడ్డూ జామూ. ఎక్కడికి పోతాను చెప్పు?”

నది పక్కన చిన్న తోటలో బెంచీల మీద కూర్చుని అందరూ జిప్‌లాక్ కవర్లు విప్పారు. పదకొండు కవర్లు, పదకొండు మంది. లెక్క భేషుగ్గా కుదిరింది. వసంతలక్ష్మి రెండు ముద్దలు తిని, “పులిహోర ఎవరు చేశారండీ? ఇంగువ మర్చిపోయినట్టున్నారు,” అంది.

“నువ్వే కదా చేసింది,” అన్నాడు రాధాకృష్ణ, ఫోన్ చూస్తూనే.

“నేనెక్కడ చేశానండీ! మాది కమ్మింగ్!”

అప్పుడు, ఆ రోజు మొదటిసారిగా, రాధాకృష్ణ షీట్‌లోంచి తల ఎత్తి చూశాడు.

మరో అరగంటకు రెండు గ్రూపులూ ఆ తోటలో కలిశాయి. ఇరవై ఆరెంజ్ చొక్కాలు! ఇటలీవాళ్లు ఏదో సమ్మె జరుగుతోందనుకుని దూరంగా తప్పుకున్నారు. రాధాకృష్ణ ముఖం పాలిపోయి ఉంది. నిజంగానే భయపడ్డాడు పాపం. భయపడ్డ మగవాడికి ముందు కోపం వస్తుంది.

“రేణూ, నువ్వు పైనుంచి ఒక్క కేక వెయ్యొచ్చు కదా!”

“మీరు కింద ఒక్కసారి చూడొచ్చు కదా!”

“చూశాను! పదకొండు వచ్చింది!”

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. అయినా ఆయన తప్పేముందండీ? పదకొండు వచ్చింది. నిజం. ఒక ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. పది వచ్చి ఉంటే ఆయన ఫ్లోరెన్స్‌ని తలకిందులు చేసి అయినా రేణుని వెతికేవాడు. పదకొండో మనిషి ఎవరన్నది షీట్‌లో లేని ప్రశ్న.

“నాన్నా, యు గేవ్ హర్ యువర్ వాటర్ బాటిల్,” అంది అవని, నవ్వు ఆపుకోలేక. “నేను కూడా చూడలేదు, ఐ వాజ్ ఆన్ మై ఫోన్. సారీ అమ్మా.”

వసంతలక్ష్మి మాత్రం రేణు చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది. “బొమ్మ బాగుందా అమ్మా? నేను మెట్లు ఎక్కలేకపోయాను.” అప్పటిదాకా ఆ రోజు రేణుని ఆ మాట అడిగినవాళ్లు లేరు. రేణు ఆవిడకు పూర్తిగా చెప్పింది. పదిహేను నిమిషాలు పట్టింది. రెండు షీట్లలో రెండు చర్చిలు సాయంత్రానికి జరిగిపోయాయి.

ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం నేపర్‌విల్ బేస్‌మెంట్‌లో ‘లెసన్స్ లర్న్‌డ్’ మీటింగ్. మళ్లీ బిర్యానీ, మళ్లీ ప్రొజెక్టర్. మొత్తం పదకొండు వందల నలభై ఫోటోలు. తప్పు ఎక్కడ జరిగిందన్న చర్చ గంటన్నర నడిచింది. తిలాపాపం తలా పిడికెడు పంచుకున్నారు. రంగుదే తప్పని హర్షవర్ధన్, ప్రింట్ చేసినాయనదే తప్పని సాయి ప్రియ. చివరికి తీర్మానం ఏమిటంటే, వచ్చే ఏడాది గ్రీస్ టూర్‌లో ప్రతి చొక్కా వీపు మీదా క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఫోన్‌తో స్కాన్ చేస్తే మనిషి పేరు వస్తుంది!

ఆహా! ఎవరి భార్య ఎవరో స్కాన్ చేసి తెలుసుకునే రోజులు వచ్చాయి. పెళ్లిపీటల మీదే ఈ సౌకర్యం ఉండి ఉంటే మన పూర్వులకు ఎంత శ్రమ తప్పేది!

తర్వాత ఫోటోలు తిరిగాయి. ఇరవై మూడో వరుస ఫోటోలో పది ముఖాలు నవ్వుతున్నాయి. పదకొండో మనిషిది జడ మాత్రమే కనిపిస్తోంది. “చూడు రేణూ, నువ్వు అటు తిరిగి మంచి ఫోటో పాడుచేశావు,” అన్నాడు రాధాకృష్ణ. ఇరవై అయిదో వరుసలో వంతెన, పదకొండు నవ్వు ముఖాలు, ఆయన పక్కనే వసంతలక్ష్మి. బేస్‌మెంట్ అంతా ఘొల్లుమంది. “ఏదేమైనా గడి పచ్చబడింది కదా,” అన్నాడాయన. ఫ్లోరెన్స్ షీట్ తెర మీదికి వచ్చింది. నలభై రెండుకి నలభై రెండూ పచ్చగా, వరిచేనులా.

రేణు లేచి ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లింది. అందరూ చూస్తుండగా నలభై మూడో వరుస కొట్టింది.

‘రేణు. 20 నిమిషాలు. ఫోటో అక్కర్లేదు.’

చివరి గడి తెల్లగా ఉంది. “ఇదేంటి?” అన్నాడు రాధాకృష్ణ.

“కవర్ చేయకుండా వదిలేశారు కదా. రేపు పదింటికి. చేంజ్ రిక్వెస్ట్ కాదిది, ఫారం అడక్కండి.”

హర్షవర్ధన్ ఒక్కడే, “అన్నా, గిది హై ఇంపాక్ట్‌లెక్క ఉంది,” అని గొణిగాడు.

మీకు తెలుసు కదా, పచ్చబడని గడిని రాధాకృష్ణ భరించలేడు. రాత్రంతా నిద్ర పట్టలేదట. ఆదివారం పదింటికి వంటింటి బల్ల దగ్గర ఎదురెదురు కుర్చీలు. రేణు ఆయన ఫోన్ తీసుకుని రైస్ కుక్కర్ వెనక పెట్టింది. తను డ్రాయింగ్ పుస్తకం ఒళ్లో పెట్టుకుంది.

రెండో నిమిషంలో ఆయన అడిగాడు. “ఏం చూడాలి?”

“నన్నే.”

నాలుగో నిమిషంలో, “అయిందా?” అన్నాడు. అలవాటు మరి. ఆమె పెన్సిల్ కదులుతోంది. ఏం చేయాలో తెలియక ఆయన చేతులు బల్ల మీద కాసేపు, మోకాళ్ల మీద కాసేపు తిరిగాయి. ఏడో నిమిషంలో ఆయన ముందుకు వంగాడు.

“రేణూ, ఎడమ కనుబొమ్మ మీద ఆ మచ్చ ఏంటి? ఎప్పుడు తగిలింది? నాకు చెప్పలేదేం?”

“ఏడో క్లాసులో సైకిల్ మీంచి పడ్డాను. పెళ్లిచూపుల్లో కూడా ఉందది.”

రాధాకృష్ణ చేతులు రెండూ నెమ్మదిగా లేచి వచ్చి ఆయన గుండె మీద ఆగాయి. రేణు గబగబా గీసేసుకుంది. వేళ్లు వేళ్లలాగే వచ్చాయి. ఒక్క బొటనవేలు మాత్రం ఇంకా బెండకాయే.

ఇరవై నిమిషాలు దాటి ఎంతసేపైందో ఎవరూ చూసుకోలేదు. ఆ గడి ఇవాళ్టికీ తెల్లగానే ఉంది. వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం కూడా అదే వరుస వేసుకున్నాడట ఆయన. ఇంత పని ఒక ఎక్సెల్ వరుస వల్లే జరిగింది కాబట్టి ఎక్సెల్ గొప్పదన్న నా వాదనకు ఢోకా లేదు!

మీరు మాత్రం నా మాట నమ్మి షీట్లు నింపుకోండి. కాకపోతే ఒక చిన్న పరీక్ష. ఇది చదువుతున్న ఈ క్షణంలో మీ పక్కన ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. తల తిప్పకుండా చెప్పండి, వాళ్లు ఇవాళ ఏ రంగు బట్టలు వేసుకున్నారు?

ఆరెంజ్ అని మాత్రం అనకండి.